ధర అడగని వంశం

అనగా అనగా ఒక రాజు ఉండేవాడు. రాజన్నాక రాజ్యం ఉంటుంది కదా, ఉంది. దాని పేరు పొన్నమడుగు. రాజు పేరు విక్రమకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణికేతుడు, నడిపివాడు శశికేతుడు, కడగొట్టువాడు మీనకేతుడు. ఈ కథ కడగొట్టువాడిది. ఎప్పుడూ వాళ్ళదేలే, కథలు చెప్పేవాళ్ళకు చిన్నకొడుకులంటే అంత ముద్దు. కుదురుగా కూర్చోండి మరి. నాకు ఒక్కసారి చెప్పడానికే ఓపిక లేదు, మధ్యలో లేచి వెళ్ళి వచ్చి ఏమైందని అడిగితే చెప్పను.

ఆ రాజుగారింట్లో తాతల నాటి నుంచి ఒక ఆచారం ఉంది. ఆ వంశంలో పుట్టినవాడు దేనికీ ధర అడగకూడదు. "ఎంత?" అన్న మాట నోట రాకూడదు. డబ్బు చేత్తో ముట్టుకోకూడదు. నచ్చింది తీసుకోవాలి, వెనకాల సంచి పట్టుకుని నడిచే నౌకరు అమ్మినవాడు అడిగినంతా గుమ్మరించాలి. చిల్లర వెనక్కి పుచ్చుకోవడం కూడా తలవంపులే. ధర అడిగేవాళ్ళు మామూలు మనుషులు, మనం కాదు అని పిల్లలకు ఊయలలో ఉండగానే నూరిపోసేవాళ్ళు. అలా ఏడు తరాలు గొప్పగా బతికారు. వాళ్ళు బజారుకు వస్తున్నారని తెలిస్తే చాలు, ఆ పూటకి వంకాయలు కూడా వరహాల్లోకి ఎక్కేవి.

ఒక వేసవిలో ఎర్రముఖం వర్తకుడొకడు కొలువుకు వచ్చాడు. పేరు తామ్రముఖుడు. మాంత్రికుడని ఎవరికీ తెలియదు. తనంతట తానే వీచే విసనకర్ర తెచ్చి రాజు ముందు పెట్టాడు. రాజు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. గాలి తగలగానే ప్రాణం లేచి వచ్చింది.

"బాగుంది. ఉంచి వెళ్ళు" అన్నాడు.

"దానిదేముంది మహారాజా, ధర సంగతి తరవాత చూసుకుందాం" అన్నాడు వాడు నవ్వుతూ.

రాజు ఎంత అని అడగలేదు. ఎలా అడుగుతాడు? ఏడాది తిరిగాక వాడు మళ్ళీ వచ్చి ధర ఇప్పించమన్నాడు. "ఏం కావాలో తీసుకో" అన్నాడు రాజు, ఇంట్లో అందరూ ఎప్పుడూ అన్నట్టే. వాడు పెద్దకొడుకు చెయ్యి పట్టుకున్నాడు. కావలసినవాళ్ళు ఏడు సముద్రాల అవతల నా అంగడికి రండి అని చెప్పి, మణికేతుణ్ణి తీసుకుని కళ్ళముందే మాయమయ్యాడు.

నడిపివాడు శశికేతుడు పది ఏనుగుల మీద బంగారం వేసుకుని అన్నను విడిపించడానికి బయలుదేరాడు. ఏనుగులు తిరిగి వచ్చాయి. బంగారం రాలేదు, వాడూ రాలేదు.

అలా ఆరేళ్ళు గడిచాయి. రాజు సరిగా తినడు, సరిగా పడుకోడు. రోజంతా మేడ మీద అటూ ఇటూ నడుస్తూ ఉంటాడు. మీనకేతుడు ఆ అడుగుల చప్పుడు వింటూ పెరిగాడు. మీసాలు వచ్చేసరికే వాడికి బతుకంటే విసుగొచ్చింది. వీరుడై లోకాన్ని గెలవాలని వాడికి లేదు. నాన్న ఆ నడక మానేసి ఒక్కపూట కడుపునిండా తింటే చాలనుకున్నాడు. అందుకోసం అన్నలు రావాలి. అన్నల కోసం తను వెళ్ళాలి. సరేనని ఒకరోజు పొద్దున్నే బయలుదేరాడు. ఖజానా అడుగు ఊడిస్తే మూడు సంచుల వరహాలు వచ్చాయి. సంచులు మోయడానికి నౌకరు కూడా లేడు, జీతాలందక అందరూ ఎప్పుడో వెళ్ళిపోయారు. మీనకేతుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి డబ్బు తనే భుజాన వేసుకున్నాడు. అబ్బ, ఇంత బరువుంటుందా అనుకున్నాడు.

మొదటి ఊళ్ళో ఒక పూట తిని, ఒక రాత్రి పడుకుని, మొదటి సంచి ఇచ్చేశాడు. ఇల్లుగలవాడు వీధి చివరిదాకా వచ్చి దండాలు పెట్టాడు. రెండో ఊళ్ళో గుర్రం కొని రెండో సంచి ఇచ్చేశాడు. మధ్యాహ్నానికి అది కుంటింది, సాయంత్రానికి పడుకుంది, ఇక లేవలేదు. మూడో ఊళ్ళో, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, ఉప్పు బస్తాలు మోసే ఒక ముసలి గాడిదను కొని మూడో సంచి ఇచ్చేశాడు. ఉప్పువాడు ఆ సంచి చూసి, మనసు మార్చుకుంటాడేమోనన్న భయంతో పరుగు లంకించుకున్నాడు.

వాడు కనుమరుగయ్యేదాకా గాడిద ఊరుకుంది. తరవాత నోరు విప్పింది.

"బాబూ, నిన్న సంతలో నన్ను మూడు రాగికాసులకు బేరం పెడితే ఎవరూ కొనలేదు. నువ్వు నన్నూ, ఆ ఊరి సంతనూ, సంతకు వచ్చినవాళ్ళనూ కలిపి కొనేంత ఇచ్చావు. ఎంతో ఒక్కమాట అడిగితే నీ నోరు అరిగిపోయేదా?"

మీనకేతుడు గాడిద మాట్లాడినందుకు ఆశ్చర్యపోలేదు. అంత ఓపిక కూడా లేదు వాడికి. "మా ఇంట్లో అడగరు" అన్నాడు.

"ఇప్పుడు నీ దగ్గర ఎంతుంది?"

"ఏమీ లేదు."

"మరి మీ ఇంట్లోవాళ్ళు ఇప్పుడేం చేస్తారు?"

వాడు రోడ్డు పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. గాడిద పక్కనే నిలబడి గడ్డి మేసింది. అది నలభై సంతలు తిరిగిన గాడిద, ఏడ్చేవాళ్ళను చాలామందిని చూసింది. వాడు ఏడవడం అయ్యాక, "పద, సముద్రపు ఒడ్డున పైడమ్మ అని ఒక పిల్ల పూటకూళ్ళ ఇల్లు నడుపుతోంది. పని చేస్తే అన్నం పెడుతుంది" అని దారి తీసింది.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు ఉంది. బండిచక్రమంత డిప్ప, దాని మీద మనుషులను ఎక్కించుకుని సముద్రాలు దాటిస్తుంది. ఒక మనిషికి ఒక సముద్రానికి ఒక రాగికాసు. అప్పు లేదు, బేరం లేదు. అది చెప్పిన లెక్క విని మీనకేతుడు వేళ్ళు మడిచాడు. వెళ్ళడానికి ఏడు. రావడానికి తనకు ఏడు, అన్నలిద్దరికీ పద్నాలుగు. మొత్తం ఇరవై ఎనిమిది. రాజకుమారుడు లెక్క వెయ్యడం ఆ వంశంలో అదే మొదలు. రెండుసార్లు తప్పాడు, మూడోసారి గాడిద సరిచేసింది.

పైడమ్మకు తల్లీ తండ్రీ లేరు. రోజూ వంద మంది పడవవాళ్ళకు వండి వార్చే పిల్ల. మీనకేతుణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "గిన్నెలు తోమాలి, నీళ్ళు మోయాలి. తిండి పెట్టి వారానికి ఒక కాసు ఇస్తాను. ఇష్టమైతే ఉండు, కష్టమైతే నీ దారిన నువ్వు వెళ్ళు" అంది. వాడు ఉన్నాడు. అన్నం గుండిగలు నిలబడి తోమేవి కావు, లోపలికి దిగి తోమాలి. రోజు గడిచేసరికి నడుము వంగేది కాదు, వంగితే లేచేది కాదు.

మొదటి వారం కాసు చేతికి రాగానే వీధిలో పూలదండ కనబడింది, కొనేశాడు. రెండో వారం కాసు పెట్టి పాకం గారెలు తిన్నాడు. మూడో వారం కాసు తన కథ చెప్పుకుని ఏడ్చిన ఒక బైరాగికి ఇచ్చేశాడు. ఆ బైరాగి పైడమ్మ ఇంట్లోనే రోజూ పెరుగన్నం తినేవాడు, వాడి దగ్గర మీనకేతుడికంటే ఎక్కువ డబ్బుంది.

మూడు వారాలయ్యాక పైడమ్మ పిలిచింది. "ఎన్ని కాసులు పోగయ్యాయి?"

"ఒక్కటీ లేదు."

"నువ్వు మీ అన్నల కోసం వచ్చావా, పాకం గారెల కోసం వచ్చావా?"

మాట ముల్లులా గుచ్చుకుంది. మీనకేతుడు తల దించుకున్నాడు. ఆ పిల్ల వాడి ఉత్తరీయం చెంగు లాగి మూడు ముడులు వేసింది. "ఇది వెళ్ళే దారి ముడి. ఇది వచ్చే దారి ముడి. ఇది మూడోది. కాసు రాగానే ముందు ఇందులో కట్టు, ఆ తరవాతే వీధిలోకి పో. ఏ ముడిలోది ఆ పనికే. వచ్చే దారి ముడి వెళ్ళేటప్పుడే విప్పావో, నువ్వు అక్కడే ఉండిపోతావు."

"మూడోది ఎందుకు?"

"ఎందుకో తెలియదు కాబట్టే. నీకు ఎందుకో తెలిసిన ఖర్చులు రెండే. తెలియనివి బోలెడు. నేను ఈ పొయ్యి దగ్గర పదేళ్ళుగా కూర్చున్నాను, మూడో ముడి లేకపోతే ఈ ఇల్లు మొదటి తుఫానుకే పోయేది."

వారాలు గడిచాయి. మీనకేతుడు తోమాడు, మోశాడు, కట్టాడు. గాడిదను వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళి, పైడమ్మ కోసం చింతపండూ మిరపకాయలూ కొనడం నేర్చుకున్నాడు. మొదటిసారి "ఎంత?" అనడానికి వాడికి గంట పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి, చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. కొట్టువాడు తల కూడా ఎత్తకుండా "రెండు కాసులు" అన్నాడు. అంతే. ఏడు తరాలవాళ్ళు భయపడిన మాట అది. గాడిద చిలకల ధర, మేకల ధర, చీపుళ్ళ ధర, ఏది ఎంతో అన్నీ చెప్పింది. మీకు నవ్వులాటగా ఉంది గానీ, ముప్పై వారాలంటే మాటలా? ముప్పై కాసులయ్యాయి. ఏడు మొదటి ముడిలో, ఇరవై ఒకటి రెండో ముడిలో, రెండు మూడో ముడిలో.

గాడిద తనకు నీళ్ళు పడవని ఒడ్డునే ఉండిపోయింది. మీనకేతుడు తాబేలెక్కాడు. సముద్రానికి ఒక కాసు చొప్పున మొదటి ముడి ఖాళీ అవుతూ వచ్చింది. సముద్రానికీ సముద్రానికీ నడుమ ఒక దీవి, ప్రతి దీవిలోనూ అమ్మేవాళ్ళు. ఒకచోట ముత్యాల తలపాగా, ఒకచోట చల్లటి పానకం, ఒకచోట ఒళ్ళు పట్టేవాళ్ళు. వాడి ఒళ్ళు పులిసి ఉంది. రెండో ముడి మీదికి చెయ్యి మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ తనే వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు వాడికి ఏమీ గొప్పగా అనిపించలేదు, దాహం మాత్రం తీరలేదు.

ఏడో సముద్రంలో తాబేలు నెమ్మదిగా అంది. "నాయనా, ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అంగట్లో మూడు వందల చిలకలు వేలాడుతుంటాయి, వాటిలో ఒకటి. దాన్ని దొంగిలించలేవు, లాక్కోలేవు. కొనుక్కోవాలి. వాడికి వరమిచ్చిన దేవత ఒక షరతు పెట్టింది. అంగట్లో ఉన్నది ఏదైనా అమ్మకానికే. ముందుగా ధర అడిగినవాడికి బజారు ధరే చెప్పాలి. అడగకుండా ముట్టుకున్నవాడికి మాత్రం తరవాత తన ఇష్టం వచ్చిన ధర చెప్పొచ్చు."

"అయితే ఎవరైనా ఎప్పుడో కొనేసి ఉండాలి కదా?"

"ఇంతదూరం వచ్చేవాళ్ళంతా రాజులూ రాజకుమారులూ. మీరు అడగరు కదా."

మాంత్రికుడి అంగడి ఊరంత ఉంది. గుమ్మంలో ఒక మనిషి చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు. తల నెరిసింది, వీపు వంగింది. మీనకేతుడు దాటి వెళ్ళబోయి ఆగాడు. అది పెద్దన్న మణికేతుడు. ఇంకా ముప్పై ఏళ్ళు నిండని మనిషి. లోపల రాళ్ళు మోస్తున్నది నడిపన్న. వాడు ఇక్కడికి వచ్చి, దాహమేసి, అడగకుండా ఒక్క గ్లాసు మజ్జిగ తాగాడు. దానికి ఏనుగుల మీది బంగారమంతా తీసుకున్నా మాంత్రికుడి లెక్కలో ఇంకా నూరేళ్ళ చాకిరీ బాకీ ఉంది. అన్నలు తమ్ముణ్ణి చూసి తలలు దించుకున్నారు. మీనకేతుడు చెంగు ముడులు తడిమి చూసుకుని ముందుకు నడిచాడు.

తామ్రముఖుడు చేతులు జోడిస్తూ ఎదురొచ్చాడు. "రండి రాజకుమారా, అలిసిపోయారు. ముందు చల్లటి నీళ్ళు పుచ్చుకోండి."

"ఎంత?"

మాంత్రికుడి నవ్వు ఆగింది. "నీళ్ళకు ధరేమిటి బాబూ?"

"ధర చెప్పనిది నాకొద్దు."

"పోనీ ఈ పీట మీద కూర్చోండి."

"ఎంత?"

"ఎండన పడి వచ్చారు, కాస్త ఆ నీడకైనా జరగండి."

"ఎంత?"

వాడు ఎండలోనే నిలబడ్డాడు. తరవాత చిలకల వరస దగ్గరికి వెళ్ళి మొదటి చిలకను చూపించి ఎంత అని అడిగాడు. "దానిదేముంది, ఊరికే తీసుకెళ్ళండి" అన్నాడు మాంత్రికుడు. "ఊరికే వద్దు. ఎంత?" "రెండు కాసులు." రెండో చిలక. "ఊరికే తీసుకెళ్ళండి." "ఎంత?" "రెండు కాసులు." మూడో చిలక. నాలుగో చిలక. ఊరికే, ఎంత, రెండు కాసులు. ఊరికే, ఎంత, రెండు కాసులు. నేను మూడు వందలూ చెప్పను, నాకే గొంతు ఎండుతోంది. వాడు మాత్రం అడిగాడు. నాలుక పిడచకట్టింది, అన్నలు పనులాపి చూస్తున్నారు. ఒక్కటి కూడా వదలకుండా అడిగాడు. గుండిగలు తోమినవాడికి విసుగు కొత్తేమీ కాదు.

రెండువందల పదిహేడో చిలక అన్నిటిలాగే ఉంది, పచ్చగా, కాస్త బక్కగా. "ఎంత?" అన్నాడు మీనకేతుడు.

మాంత్రికుడు నేరుగా "రెండు కాసులు" అన్నాడు. ఊరికే తీసుకెళ్ళమని అనలేదు.

మీనకేతుడు మూడో ముడి విప్పి, రెండు కాసులు వాడి చేతిలో పెట్టి, పంజరం అందుకున్నాడు. మాంత్రికుడు ఉన్నచోటనే కూలబడ్డాడు. ఎర్రటి ముఖం తెల్లగా పాలిపోయింది. చాలాసేపు ఊపిరి కూడదీసుకుని, తన బతుకులో ఎప్పుడూ అనని మాట అన్నాడు.

"దాన్ని నాకు తిరిగి ఇస్తావా? ఎంత?"

మీరైతే మెడ నులిమెయ్యమంటారు, నాకు తెలుసు. మీనకేతుడు అలా చెయ్యలేదు. వాడు బజారులో నలిగినవాడు, ఏం కావాలో తెలిసి వచ్చినవాడు. "మా అన్నలిద్దరూ. ఈ అంగట్లో చాకిరీ చేస్తున్న ప్రతి మనిషీ. వాళ్ళందరికీ ఇళ్ళకు చేరే దారి ఖర్చు. ఇకనుంచి ప్రతి వస్తువు మీదా ధర రాసిన చీటీ. ఇది నా ధర, ఒక్క కాసు తగ్గదు" అన్నాడు. మాంత్రికుడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? నాలుగు వందల మంది చీపుళ్ళూ తట్టలూ కింద పడేసి బయటికి వచ్చారు. ఆ పూట నుంచి తామ్రముఖుడు తన అన్నం తనే వండుకుని, తన వాకిలి తనే ఊడ్చుకుని, ఆ చిలకకు జామపండు కోసి పెడుతూ బతికాడు.

తిరుగుదారిలో మూడో దీవిలో పెద్దన్న గవ్వల దండ చూసి తీసుకోబోయాడు. మీనకేతుడు చెయ్యి పట్టుకున్నాడు. "ఎంతో అడుగు అన్నయ్యా." మణికేతుడు నోరు తెరిచాడు, మాట రాలేదు, దండ వదిలేశాడు. అయిదో దీవిలోనూ అంతే. చివరి దీవిలో అరటిపండు చూసి, కళ్ళు మూసుకుని, "ఎంతమ్మా?" అన్నాడు. అమ్మే ముసలామె చెప్పింది. మాంత్రికుడిచ్చిన దారి ఖర్చులోంచి అంతా ఇచ్చి, అన్నదమ్ములు ముగ్గురూ తలో పండు తిన్నారు.

ఒడ్డుకు చేరాక మీనకేతుడు పైడమ్మను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఆ పిల్ల గరిటె పక్కన పెట్టింది. "మీ కోటకు నెలకు ఎంత ఖర్చవుతుంది?"

"తెలియదు."

"రాబడి?"

"అదీ తెలియదు. బాగా లేదని మాత్రం తెలుసు."

పైడమ్మ పొయ్యి ఆర్పింది. "తెలియనిది తెలియదన్నావు. ఉందని కోతలు కొయ్యలేదు. చాలు, ఇద్దరం కూర్చుని చూసుకుందాం" అంది. ఇంటికి తాళం వేసి, గాడిద మీద ఎక్కకుండా గాడిద పక్కనే నడిచింది. దాని వయసు ఆమెకు తెలుసు.

పొన్నమడుగు చేరేసరికి కోట గోడలకు సున్నం లేదు. రాజు మేడ దిగి వచ్చాడు. ఇద్దరు కొడుకుల ముఖాలూ చేతులతో తడిమి చూశాడు, తల నెరిసిన పెద్దవాణ్ణి మొదట పోల్చుకోలేకపోయాడు. తరవాత చిన్నవాడి వైపు తిరిగాడు. ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. కోటలో మిగిలిన నలుగురూ వినేలాగే అడిగాడు.

"వీళ్ళను ఎంతకు తెచ్చావు నాయనా?"

"రెండు కాసులకు నాన్నగారూ. దారి ఖర్చు వేరే."

రాజు మెట్ల మీద కూర్చుండిపోయాడు. "నేను ఆ ఒక్కమాట అడిగి ఉంటే నీ పెద్దన్న ఆరేళ్ళు చీపురు పట్టేవాడు కాదు" అన్నాడు.

"ఏడేళ్ళు నాన్నగారూ" అన్నాడు మణికేతుడు మెల్లగా.

రాజు తల ఊపాడు. "ఏడేళ్ళు" అని సరిచేసుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. కొడుకులు ముగ్గురూ ఆయన పక్కన మెట్ల మీదే కూర్చున్నారు. చాలాసేపటికి పైడమ్మ అందరికీ వడ్డిస్తే, రాజు కడుపునిండా తిని, నడవకుండా పడుకున్నాడు.

నెల తిరగకుండా మీనకేతుడికీ పైడమ్మకూ పెళ్ళయింది. రాజు కిరీటం దించితే, అన్నలిద్దరూ తమకు ఓపిక లేదని దాన్ని తమ్ముడికే ఇచ్చారు. పూలకు ఎంతయిందో, పప్పుకు ఎంతయిందో పెళ్ళికొడుకే అడిగి తెలుసుకున్నాడు, చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఖజానా నిండడానికి పదకొండేళ్ళు పట్టింది. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు ఏలారు, పిల్లల్నీ మనవల్నీ చూసుకున్నారు. వాళ్ళ కథ అక్కడికి అయిపోయింది. లేవండి, నా నడుము పట్టేసింది, ఎవరైనా కాస్త చెయ్యి ఇవ్వండి.